మరమగ్గం చప్పుడు పోకముందే కొలిచి పెట్టుకోవాలి

నేను పనిచేసే నేత యూనిట్ పల్సానాలో ఉంది. ముంబై వెళ్లే జాతీయ రహదారి, హజీరా రేవు నుంచి వచ్చే రహదారి కలిసే ప్రాంతం ఇది. సూరత్ నగరానికి దగ్గరే. ఒకవైపు చెరకు తోటలు, ఇంకోవైపు వరసగా రేకుల షెడ్లు. వాటర్‌జెట్ మగ్గాల మరమ్మతు నా ఉద్యోగం. కిందటేడు షటిల్ మగ్గాలున్న ఒక పాత షెడ్డును ఖాళీ చేసి కొత్త వాటర్‌జెట్‌లు బిగించాం. పాతవాటిని తుక్కు వ్యాపారి కిలోల లెక్కన తూచి పట్టుకెళ్లాడు. పని పూర్తయ్యాక మా బాపును తీసుకొచ్చి చూపించాను. సూరత్‌లో 31 ఏళ్లు మగ్గాలు నడిపిన మనిషి ఆయన. వరసల మధ్య కాసేపు నిలబడి, నా వైపు తిరిగి, "సప్పుడే లేదేందిరా?" అన్నాడు.

ఆ సమయానికి షెడ్డులో చెవి దగ్గర అరిస్తే తప్ప మాట వినపడటం లేదు. వాటర్‌జెట్ షెడ్లలో శబ్దం మామూలుగా 85 డెసిబెళ్లకు పైనే ఉంటుంది. బాపు అడిగింది తాను ఎరిగిన చప్పుడు గురించి. నాడె పెట్టె గోడకు తగిలి టకా టక్ అనే ఆ దెబ్బ అక్కడ లేదు.

చిన్నప్పుడు రోజూ విని ఇప్పుడు వినపడని చప్పుళ్ల గురించి ఎవరిని కదిపినా ఒక జాబితా చెబుతారు. బావి గిలక కీచుమనడం, విసుర్రాయి గరగర, పంపు కొట్టే కిరోసిన్ స్టవ్ హోరు, రేడియోలో స్టేషన్ దొరికేముందు సాగే ఈల. దగ్గర దగ్గరి పౌనఃపున్యాల మీద ప్రసారమయ్యే రెండు స్టేషన్ల మధ్య తేడాయే ఆ ఈల అని డిప్లొమా చదివేదాకా నాకు తెలియదు. గిలక చప్పుడును బట్టి చేద నిండుగా పైకొస్తోందో, ఖాళీగా దిగుతోందో ఇంట్లో కూర్చునే చెప్పేవాళ్లు. ఇవన్నీ తలుచుకుని నిట్టూర్చడం నాకూ ఇష్టమే. కానీ మగ్గం చప్పుడు విషయంలో నిట్టూర్పుతో ఊరుకోవడం తప్పని నాకు అనిపిస్తోంది. దాన్ని సరిగ్గా కొలవకుండా పోనిస్తే నష్టపోయేది ఆ చప్పుడులో బతికినవాళ్లే.

గుంట మగ్గం నుంచి ఖాతా దాకా

మాది సిరిసిల్ల దగ్గర ఒక ఊరు. తాత గుంట మగ్గం మీద నేసేవాడు. ముందు గదిలో నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, చేత్తో తాడు లాగితే నాడె ఈ చివర నుంచి ఆ చివరకు ఉరికేది. పెట్టె గోడకు తగిలి టక్కుమనేది. వెంటనే పన్నె పేకపోగును అదిమే చప్పుడు, దబ్. పక్కన నానమ్మ రాట్నం మీద కండెలు చుడుతుంటే గుర్రుమనే శబ్దం. మగ్గం ఆగితే పోగు తెగిందని అర్థం. ఎక్కువసేపు ఆగితే ఎవరో వచ్చారని అర్థం. అప్పుడు అమ్మ వంటింట్లోంచి తొంగి చూడకుండానే చాయ్ నీళ్లు పెట్టేది.

ఆ టకటక వేల ఏళ్ల నాటిదని మా వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. నేత పాతదే. చప్పుడు మాత్రం అంత పాతది కాదు. తాడు లాగితే ఉరికే నాడెకు ఇంగ్లండ్‌లో జాన్ కే 1733లో పేటెంట్ పొందాడు. మన దేశంలో అది విస్తారంగా వాడుకలోకి వచ్చింది 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో. అంతకుముందు నేతగాడు నాడెను ఒక చేత్తో విసిరి రెండో చేత్తో పట్టుకునేవాడు. అరచెయ్యి పెట్టె గోడలా టక్కుమనదు. అంటే తాతకు తాత నేసిన మగ్గం, నేను విన్న మగ్గం ఒకేలా మోగి ఉండవు. మన జ్ఞాపకంలోని ఆ 'అనాది' చప్పుడు వయసు అటూ ఇటూగా వందేళ్లు.

బాపు 1984లో సూరత్ వచ్చాడు. సిరిసిల్లలోనూ అప్పటికే చేనేత పోయి సాంచాలు వస్తున్నాయి. మరమగ్గాన్ని మా వైపు సాంచా అంటారు. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు బొంబాయికి, భివండీకి, సోలాపూర్‌కు, సూరత్‌కు వెళ్లినట్టే మేమూ వెళ్లాం. 1987లో అమ్మ, నేను వరంగల్లులో నవజీవన్ ఎక్కి వచ్చాం. లింబాయత్‌లో ఒక గది. మున్సిపల్ కార్పొరేషన్ వాళ్ల తెలుగు మీడియం బడి. గదికి నాలుగు ఇళ్ల అవతల ఖాతా, అంటే మగ్గాల షెడ్డు. రాత్రి పగలు అదే మోత. మొదటి వారం నిద్రపట్టలేదు. తర్వాత కరెంటు పోయి మోత ఆగినప్పుడు మెలకువ వచ్చేది.

అంత మోత ఎందుకు?

మరమగ్గం ఎందుకంత గట్టిగా అరుస్తుందో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. చెక్క నాడె, అందులోని కండె కలిపి 400 గ్రాములు అనుకుందాం. అది సెకనుకు 12 మీటర్ల వేగంతో ఎగురుతుందనుకుందాం. సాధారణ మరమగ్గానికి ఇవి ఉజ్జాయింపుగా సరిపోయే అంకెలే. దాని గతిశక్తి దాదాపు 29 జౌళ్లు. ఒక కిలో రాయిని మూడు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే నేలను తాకేముందు అంతే శక్తి ఉంటుంది. ఆ నాడెను అటువైపు పెట్టెలో ఒక్క క్షణంలో ఆపాలి. నిమిషానికి 150 సార్లు, అంటే సెకనుకు రెండున్నర సార్లు, ఒక్కో మగ్గంలో. షెడ్డులో అలాంటివి యాభై ఉంటే, పైన రేకులు, చుట్టూ ప్లాస్టరు లేని ఇటుక గోడలు ఉంటే, ఆ దెబ్బలు ఎక్కడా ఇంకవు. గోడ నుంచి గోడకు తిరుగుతూనే ఉంటాయి.

ఇంత చేసి నాడె మోసుకెళ్లే పోగు బరువెంత? సూరత్‌లో నేసే పాలిస్టర్‌లో 150 డెనియర్ పోగు తీసుకుంటే, 9000 మీటర్లు కలిపి 150 గ్రాములు. మగ్గం వెడల్పు 1.2 మీటర్లయితే ఒక్కో పేక బరువు 20 మిల్లీగ్రాములు. ఆ 20 మిల్లీగ్రాములను దాటించడానికి దానికి 20,000 రెట్ల బరువున్న చెక్కను విసిరి గోడకు కొడుతున్నామన్నమాట. వృథా అయ్యే శక్తిలో కొంత వేడి, కొంత అరుగుదల, కొంత చప్పుడు. వాటర్‌జెట్ ఈ చెక్కను పూర్తిగా తీసేసింది. ఒకటి రెండు మిల్లీలీటర్ల నీటి ధార పోగును అవతలికి ఊదేస్తుంది. నీళ్లు పీల్చని పాలిస్టర్, నైలాన్ పోగులకు ఇది బాగా నప్పుతుంది కాబట్టే సూరత్ దీన్ని ఇంతగా పట్టుకుంది. నూలుకు నప్పదు.

ఇంకో సంగతి. వాటర్‌జెట్ నిమిషానికి 700 పేకలు నేస్తుందనుకుంటే సెకనుకు దాదాపు 12. విడివిడి దెబ్బలు సెకనుకు 20 దగ్గరికి వచ్చేసరికి మన చెవి వాటిని కలిపేసి ఒకే రొదగా వింటుంది. 12 దగ్గర అది గలగలకూ రొదకూ మధ్య ఉంటుంది. లెక్కపెట్టలేం. తాత మగ్గం సెకనుకు ఒక దెబ్బ. బాపు మగ్గం రెండున్నర. మనిషి తనంతట తాను వేలితో తాళం వేస్తే సాధారణంగా సెకనుకు రెండు దగ్గర కుదురుకుంటుంది. నడక కూడా అంతే. మరమగ్గం మోతలో కూలీలు పాటలు కూనిరాగం తీయడం నేను చూశాను. వాటర్‌జెట్ పక్కన ఎవరూ పాడగా ఇంతవరకు చూడలేదు. ఇందులో తాళానికి వాటా ఉందని నా అనుమానం. మొబైల్‌ఫోన్‌కూ ఉండొచ్చు లెండి.

చెవిలో మిగిలిన లెక్క

పాత షటిల్ మగ్గాల షెడ్లలో శబ్దం 95 నుంచి 105 డెసిబెళ్ల దాకా ఉంటుంది. డెసిబెల్ లాగరిథమిక్ కొలత. మూడు పెరిగితే శబ్దశక్తి రెట్టింపు. అమెరికాలోని వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెళ్లలో ఎనిమిది గంటలు ఉండొచ్చు. 88 అయితే నాలుగు గంటలే. అలా సగం సగం చేసుకుంటూ పోతే 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. మన ఫ్యాక్టరీల నిబంధనలు ఎనిమిది గంటలకు 90 దాకా ఒప్పుకున్నాయి. బాపు షిఫ్టు 12 గంటలు. చెవుల్లో పత్తి కూడా పెట్టుకునేవాడు కాదు. పెట్టుకుంటే మగ్గం చెప్పేది వినపడదనేవాడు. అందులో అబద్ధం లేదు. నాడె దారి తప్పి ఎగిరే ముందు, తోలు ముక్క అరిగినప్పుడు, మగ్గం గొంతు మారుతుంది. ఈ రోజు మేం సెన్సర్లు బిగించి కంపనాలను చూసి చేసే పనిని ఆయన తరం చెవితో చేసింది. ఆ పనిలోనే ఆ చెవి అరిగిపోయింది.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమ కణాలు ఒక్కో చెవికి 15,000 చిల్లర ఉంటాయి. మనుషుల్లో అవి చస్తే మళ్లీ పుట్టవు. మోత వల్ల మొదట దెబ్బతినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినే భాగం. దీని ఫలితం తెలుగు ఇంట్లో ఎలా ఉంటుందో చెబుతాను. మనది అజంత భాష. మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అచ్చుల బలం తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది కాబట్టి అవి ఆయనకు బాగానే అందుతాయి. ప, త, క, స లాంటి హల్లులను వేరు చేసే ఆనవాళ్లు చాలావరకు పై పౌనఃపున్యాల్లో ఉంటాయి. అవి అందవు. మా అమ్మాయి "తాతా, పాలు" అంటే ఆయన కంగారుగా "ఏమైంది బిడ్డా కాలికి?" అంటాడు. అందరం నవ్వుతాం. ఆయనా నవ్వుతాడు. ఫోన్‌లో మాట్లాడటం మాత్రం మానేశాడు.

రెండేళ్ల కిందట ఒక ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేయించాం. ఆడియాలజిస్టు అడిగిన మొదటి ప్రశ్న, "ఎంత శబ్దంలో, ఎన్నేళ్లు పనిచేశారు?" ఏళ్లు చెప్పగలిగాం. ఎంత శబ్దంలో అన్నదానికి మా దగ్గర జవాబు లేదు. ఆ ఖాతాలో ఎవరూ మీటరు పెట్టలేదు. చేరినప్పుడు పరీక్ష చేయలేదు, మానేసినప్పుడూ చేయలేదు. ఇప్పుడు అక్కడ మగ్గాల్లేవు. చీరల గోదాము ఉంది. మోత వల్ల వచ్చే చెవుడు గ్రాఫులో 4000 దగ్గర గుంటలా కనిపించి, 8000 దగ్గర కొంచెం కోలుకుంటుంది. వయసుతో వచ్చే చెవుడు 8000 వైపు జారుతూ పోతుంది. డెబ్బై దాటాక రెండూ కలిసిపోయి ఆ గుంట ఆనవాలు చెరిగిపోతుంది. బాపు గ్రాఫు అలాగే ఉంది. ముసలితనమా, మగ్గమా? ఆ కాగితం ఒక్కటే చూసి చెప్పలేమన్నారు.

చట్టంలో ఈ జబ్బుకు చోటు లేక కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో మోత వల్ల వచ్చే వినికిడి లోపం ఉండేది. ఉద్యోగుల పరిహార చట్టం జాబితాలోనూ ఉండేది. లేనిది రుజువు. మగ్గాలు తుక్కుకు వెళ్తుంటే దాంతోపాటు పోతున్నది ఆ రుజువే.

స్కాట్లండ్‌లోని డండీ నగరంలో దీనికి పూర్తిగా భిన్నంగా జరిగింది. అది జనపనార నేతకు పేరుపడ్డ ఊరు. ఆ నార వెళ్లింది మన బెంగాల్ నుంచే. టేలర్, పియర్సన్, మెయిర్, బర్న్స్ అనే పరిశోధకులు అక్కడి నేత కార్మికుల వినికిడిని పరీక్షించి 1965లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు పరీక్షించినవారిలో పదవీ విరమణ చేసిన మహిళలు కూడా ఉన్నారు. ఆ మిల్లుల్లో మగ్గాలు దశాబ్దాలుగా మారలేదు. దాంతో ఆ రోజు కొలిచిన శబ్దమే, దాదాపు 100 డెసిబెళ్లు, ఆ మహిళలు పడుచువాళ్లుగా పనిచేసినప్పుడూ ఉండేదని అనుకోవడానికి వీలయింది. ఏళ్లను శబ్దంతో గుణించి, చెవి ఎంత మోత మింగిందో లెక్కకట్టారు. పాత చప్పుడు ఇంకా మోగుతూ ఉండటం వల్లే ఆ లెక్క కుదిరింది.

మన షటిల్ మగ్గాలూ అలాంటివే. బాపు 1984లో నడిపిన రకం మగ్గమే సిరిసిల్లలో ఇప్పటికీ నడుస్తోంది. 2017 నుంచి బతుకమ్మ చీరలు నేసిన సాంచాల్లో చాలావరకు అవే. అంటే ఈ రోజు ఒక షెడ్డులో కొలిస్తే, అలాంటి షెడ్డులోనే 30 ఏళ్లు పనిచేసి ఇల్లు చేరిన వేల మంది విన్నదెంతో అంచనా వేయవచ్చు. ఇంకో పదేళ్లకు ఈ వీలు ఉండకపోవచ్చు. సూరత్‌లో మగ్గాలు ఏ వేగంతో మారుతున్నాయో మార్చేవాళ్లలో ఒకడిగా చెబుతున్నాను.

ఫోన్ చాలదు

చప్పుళ్లను భద్రపరచడం కొత్త ఆలోచనేమీ కాదు. కెనడాలో ముర్రే షేఫర్ బృందం ఊళ్ల ధ్వనులను రికార్డు చేసే పనిని 1970ల నాటికే ఒక అధ్యయన రంగంగా మలిచింది. జపాన్ పర్యావరణ శాఖ 1996లో కాపాడుకోదగ్గ వంద ధ్వని దృశ్యాలను ప్రకటించినప్పుడు, అలలతోపాటు ఇనామి ఊళ్లో చెక్క చెక్కే ఉలుల చప్పుడునూ చేర్చింది. ఇంగ్లండ్‌లోని బర్న్‌లీలో క్వీన్ స్ట్రీట్ మిల్లును మగ్గాలతో సహా మ్యూజియంగా ఉంచారు. మనకు సంగీతం కోసం మంచి భాండాగారాలు ఉన్నాయి. 1982లో మొదలై ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉన్న ఎథ్నోమ్యూజికాలజీ ఆర్కైవ్ అలాంటిది. పని చప్పుళ్లకూ అంత మర్యాద దక్కాలి.

చాలామంది వెంటనే ఫోన్ తీస్తారు. నేనూ తీశాను. సిరిసిల్లలో మా చిన్నాన్న కొడుకు సాంచాల మధ్య నిలబడి వీడియో కాల్ చేస్తే, వాడి గొంతు వినపడింది గానీ మగ్గం వినపడలేదు. కాల్ యాప్‌లోని శబ్ద నివారణ ప్రోగ్రాం ఆగకుండా తిరిగొచ్చే చప్పుడును చెత్తగా లెక్కగట్టి తీసేసింది. మామూలు రికార్డింగులోనూ ఫోన్ తనంతట తాను శబ్దాన్ని తగ్గించి పెంచుతుంది. 100 డెసిబెళ్ల షెడ్డు, 60 డెసిబెళ్ల గది ఒకే ఎత్తులో వినిపిస్తాయి. గతం గురించి ఫోన్ చెప్పే అబద్ధం అది. ఇంట్లో సోఫాలో కూర్చుని వింటే మగ్గం చప్పుడు జోలపాటలా ఉంటుంది. మ్యూజియం స్పీకర్లలో సన్నగా వినిపించినా అంతే.

ఇందుకు కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు. ఆటోమేటిక్ సర్దుబాటు ఆపేయగల రికార్డరు, కుదించని వేవ్ ఫైలు, క్రమాంకనం చేసిన సౌండ్ లెవెల్ మీటరు. మగ్గం రకం, నిమిషానికి పేకలు, మైకు ఎంత దూరంలో ఉంది, షెడ్డు కొలతలు, పైకప్పు దేనిది అన్నవి రాసి పెట్టాలి. మగ్గాలు ఆగినప్పుడు ఒక బెలూను పగలగొట్టి ఆ ప్రతిధ్వని రికార్డు చేస్తే ఆ గది స్వభావం కూడా దొరుకుతుంది. ఇక నా పట్టుదల ఒకటుంది. ఆ రికార్డింగు పక్కనే, అక్కడ పనిచేసినవారు ఒప్పుకుంటే, పేర్లు తీసేసి వారి ఆడియోగ్రాము కూడా ఉండాలి. పాలిటెక్నిక్ విద్యార్థులు, దగ్గరలోని వైద్య కళాశాల చెవి విభాగం కలిస్తే ఒక సెలవుల్లో ఒక ఊరు పూర్తవుతుంది.

పోయే చప్పుడును పోనీ, మంచిదేగా అని మా యూనిట్‌లో కుర్రాళ్లు అంటారు. నేనూ ఆ మాటే అంటాను. ఆ మగ్గాలు అలాగే నడవాలని నేను కోరుకోవడం లేదు. పైగా వాటర్‌జెట్‌ల దగ్గర చెవి మఫ్‌లు పెట్టుకోకుండా తిరిగేది ఆ కుర్రాళ్లే. వాళ్ల లెక్క ఎవరైనా రాస్తున్నారా అని అడిగితే మాట మారుస్తారు.

మొన్న దసరాకు మీటరు, రికార్డరు పట్టుకుని సిరిసిల్ల వెళ్లాను. బాపు కూడా వస్తానన్నాడు. చిన్నాన్న వాళ్ల షెడ్డులో ఒక సాంచాను మాత్రం నడిపించి మైకు పెట్టాను. బాపు చెవి మఫ్‌లు పెట్టుకోనని మొండికేసి, చివరికి పెట్టుకున్నాడు. తర్వాత వెళ్లి మగ్గం చట్రం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. చర్మం కంపనాన్ని బాగా పడుతుంది, ముఖ్యంగా 250 హెర్ట్జ్ దగ్గర. ఒక నిమిషం తర్వాత చెయ్యి తీసి, "ఎడమ పెట్టెల తోలు అరిగింది, సూడుండ్రి" అన్నాడు. మా తమ్ముడు నమ్మలేదు. మగ్గం ఆపి పెట్టె విప్పాడు. తోలు నిజంగానే పలచబడింది.

పల్సానాకు తిరిగొచ్చాక ఆ ఫైలును కంప్యూటర్‌లో తెరిచి తరంగాలను సాగదీసి చూశాను. ఒకటి విడిచి ఒకటి, నాడె ఎడమకు చేరిన ప్రతిసారీ, పెద్ద దెబ్బ వెనకే ఒక చిన్న దెబ్బ ఉంది. పెట్టెలో ఆగాల్సిన నాడె కొంచెం వెనక్కి తుళ్లి మళ్లీ తగులుతోంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని మూడుసార్లు విన్నాను. నా చెవికి ఆ రెండో దెబ్బ తెలియలేదు.